తిరుపతిలో తిండి: ఎక్కడ తినాలో, ఎక్కడ కొనాలో ఎలా తేల్చుకోవాలి

తిరుపతి రైల్వే స్టేషను బయటికొచ్చి నిలబడితే ఎటు చూసినా భోజనం బోర్డులే. అయినా మా బంధువుల్లో ఎవరు ఇక్కడికి బయలుదేరినా దర్శనం టికెట్ల తర్వాత నన్ను అడిగే రెండో మాట "మరి భోజనం ఎక్కడ?" అనే. పిల్లవాడిని కాలేజీలో చేర్చడానికి వచ్చేవాళ్ళు, ఆసుపత్రిలో మనిషిని పెట్టుకుని పది రోజులు ఉండాల్సినవాళ్ళు, బదిలీ మీద సామాను దించుకునేవాళ్ళు, అందరిదీ అదే ప్రశ్న. నేను రాజమండ్రి నుంచి ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఫోనులో ముక్కలు ముక్కలుగా చెబుతున్నది ఈసారి వరసగా రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఈ ఊళ్ళో తిండి అమ్మేవాళ్ళు రెండు రకాలు. మిమ్మల్ని జన్మలో ఒక్కసారే చూసేవాళ్ళు ఒక రకం. రేపు పొద్దున మళ్ళీ మీ మొహం చూడాల్సినవాళ్ళు రెండో రకం. మొదటి రకంలో మంచివాళ్ళు లేరని కాదు. కానీ సాంబారు నీళ్ళలా ఉంటే రెండోవాడికి మర్నాడు గిరాకీ పడిపోతుంది. మొదటివాడికి ఏమీ కాదు, రాత్రి రైలు నిండా కొత్త ఆకళ్ళు దిగుతూనే ఉంటాయి. కింద చెప్పబోయేదంతా ఆ రెండో రకాన్ని పట్టుకునే ఉపాయమే.

బయలుదేరే ముందు

ఒక కాగితం తీసుకుని మూడు విషయాలు రాసుకోండి: ఎవరెవరికి పెట్టాలి, ఎక్కడ దిగుతున్నారు, గదిలో పొయ్యి ఉందా లేదా. మొదటిదాన్నే అందరూ వదిలేస్తారు. పంచదార జబ్బు ఉన్న పెద్దాయన ఉంటే వేళ ముఖ్యం, రుచి తర్వాత. చంటిబిడ్డ ఉంటే వేడి పాలు, వేడినీళ్ళు దొరికే చోటు ముఖ్యం. ఉల్లి, వెల్లుల్లి తినని అత్తగారు ఉంటే ఆ సంగతి హోటల్లో కూర్చున్నాక కాదు, గుమ్మంలోనే అడగాలి.

దిగే చోటును బట్టి ఊరు మూడు ముక్కలుగా కనిపిస్తుంది. ఒకటి స్టేషను, బస్టాండు, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల. స్టేషను ఎదురుగా విష్ణునివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం, ఇంకా సత్రాలు, లాడ్జీలు అన్నీ ఇక్కడే. హోటళ్ళు ఎక్కువ, పరీక్ష పెట్టి చూసుకోవాల్సిన అవసరమూ ఇక్కడే ఎక్కువ. రెండోది విశ్వవిద్యాలయాలు, బాలాజీ కాలనీ, స్విమ్స్, రుయా ఆసుపత్రుల వైపు. 1954లో పెట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన మహిళా విశ్వవిద్యాలయం రెండూ ఇటే ఉన్నాయి. వేలమంది విద్యార్థులు, ఉద్యోగులు, రోగుల బంధువులు రోజూ తినాలి కనుక ఇటువైపు హోటలు నడిపేవాడు నోరు జాగ్రత్తగా, గరిటె ధారాళంగా పెట్టుకుంటాడు. మూడోది కొండ. అక్కడి పద్ధతే వేరు, దాని గురించి విడిగా చెబుతాను.

ఫోనులో మ్యాపు చూసి హోటలు ఎంచుకునే అలవాటుంటే చూడండి, తప్పులేదు. కానీ నక్షత్రాలు లెక్కపెట్టకండి. దర్శనం బాగా జరిగిన సంతోషంలో ఉన్నవాడు ఉప్మాకు కూడా ఐదు నక్షత్రాలు ఇచ్చేస్తాడు. "మా హాస్టలు పక్కనే", "ఆఫీసు నుంచి రోజూ ఇక్కడికే" అని రాసినవి వెతికి చదవండి. ధరల పట్టిక ఫోటో ఎవరైనా పెట్టారేమో చూసి, దాని తేదీ కూడా చూడండి.

మొదటి పూట వెంట తెచ్చుకోండి

ఇది నా అనుభవం మీద చెబుతున్న మాట. మేం సామానుతో దిగిన రోజు రాత్రి పదిన్నర అయింది. అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు, నిద్రతో తూలుతోంది. కళ్ళకు ఎదురుగా దీపాలు బాగా వెలుగుతున్న హోటల్లోకి దూరాం. ధర అడగలేదు, నాలుగు భోజనాలు చెప్పాం. అన్నం చల్లగా వచ్చింది. పెరుగు వద్దా అంటే కావాలన్నాం, అప్పడం వద్దా అంటే సరేనన్నాం. బిల్లులో పెరుగు విడిగా, అప్పడం విడిగా, మేం అడగని "స్పెషల్ కూర" కూడా విడిగా ఉన్నాయి. గల్లా దగ్గర అడిగితే గోడమీద బోర్డు చూపించాడు. చివరి వరసలో చీమ తలకాయంత అక్షరాలు. తప్పు ఎవరిదంటే సగం నాదే. ఆకలితో, అలసటతో, చేతిలో సామానుతో ఉన్న మనిషి దేన్నీ బేరీజు వేయలేడు.

అందుకని మొదటి పూటకు పులిహోరో, చపాతీలో, పెరుగన్నమో ఇంటి నుంచే కట్టుకోండి. పెరుగన్నానికి పాలు ఎక్కువ, తోడు తక్కువ కలిపితే ప్రయాణంలో పులవదు. ఎండాకాలమైతే పులిహోర మేలు. గదిలో కడుపు నిండా తిని పడుకుని, మర్నాడు తీరిగ్గా ఊరు చూడండి.

పొద్దున ఆరున్నరకు ఒక చుట్టు తిరగండి

మొత్తంలో ముఖ్యమైన పని ఇదే, కనుక ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

మీరు దిగిన చోటు నుంచి పెద్ద రోడ్డు వదిలి రెండు సందులు లోపలికి నడవండి. ఆరున్నర, ఏడు మధ్య టిఫిన్ బండ్లు, చిన్న హోటళ్ళు ఊపందుకుంటాయి. ఒకచోట ఆగండి, కొనకండి. పది నిమిషాలు ఊరికే చూడండి.

మొదట చూడాల్సింది గిన్నెలు. ఇంటి నుంచి స్టీలు క్యారేజీ, చట్నీకి మూత డబ్బా తెచ్చుకుని నిలబడ్డవాళ్ళు కనిపిస్తే అది చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు నమ్మిన చోటు. తర్వాత మాటలు వినండి. "అన్నా, నాకు మామూలే" అని ఒకరు, "అక్కా, నిన్నటిది రాసుకున్నారా?" అని మరొకరు అంటుంటే మీకు కావాల్సింది దొరికినట్టే. ఖాతా రాసే చోట ఎవరూ పాచి చట్నీ పెట్టరు. చేతికి లాడ్జీ తాళం వేలాడేసుకుని, నెత్తిన గుండుతో ఉన్నవాళ్ళే వరసంతా నిండి ఉంటే ఇంకో సందు చూసుకోండి. నా లెక్కలో దేవుడి దగ్గర గుండు గుర్తింపు, హోటలు దగ్గర కాదు.

మా సందులో ఒకావిడ దోసెలు పోస్తుంది. ఆవిడ పద్ధతి చూస్తే మిగతా చోట్ల ఏమి చూడాలో తెలుస్తుంది. పెనం మీద నీళ్ళు చిలకరించి చీపురుకట్టతో తుడుస్తుంది, అది ప్రతి దోసెకూ చేస్తుంది. పిండి గిన్నె చిన్నది, అయిపోతే లోపలి నుంచి ఇంకొకటి వస్తుంది. అంటే పిండి ఎండలో గంటల తరబడి పులవదు. చట్నీ రెండుసార్లు రుబ్బిస్తుంది, ఆరింటికి ఒకసారి, ఎనిమిదింటికి ఒకసారి. తొమ్మిదిన్నరకు పిండి అయిపోతే కట్టేస్తుంది. "ఇంకో గంట ఉంటే ఇంకా అమ్ముడుపోతాయి కదమ్మా?" అని ఒకసారి అడిగాను. "అమ్ముడుపోతాయి సార్, కానీ రేపు మీరు రారు" అంది. పదకొండు గంటలకు కూడా ఇడ్లీ, వడ, పొంగలి, పూరీ, ఊతప్పం, నాలుగు రకాల దోసెలు ఉన్నాయని చెప్పే చోటు గొప్పదని నేను అనుకోను.

చోటు దొరికాక తినే ముందు ధర అడగండి, దీనికి మొహమాటం వద్దు. భోజనమైతే నాలుగు ప్రశ్నలు: అన్నం మళ్ళీ వడ్డిస్తారా, పెరుగు అందులో భాగమేనా, పార్సిలుకు విడిగా తీసుకుంటారా, చివరి భోజనం ఎన్ని గంటలకు. ఈ చివరిది మరవకండి. మధ్యాహ్నం మూడు దాటితే చాలాచోట్ల వంట అయిపోయి టిఫిన్ల వేళ మొదలవుతుంది. దర్శనం చేసుకుని నాలుగింటికి కొండ దిగి "భోజనం" అంటే రెండు రకాల సమాధానాలు వస్తాయి. లేదనేవాడు నిజాయితీపరుడు.

గోడమీద ఆహార భద్రత లైసెన్సు వేలాడుతుంటుంది, 14 అంకెల నంబరు ఉండాలి. బిల్లు వేసే హోటల్లో 5 శాతం జీఎస్టీ మామూలే. సర్వీసు చార్జీ అని విడిగా వేస్తే అది ఇష్టమైతే ఇచ్చేది మాత్రమే, తీసేయమని అడగవచ్చు. నీళ్ళ సీసా కొంటే మూత బిగింపు, సీసా మీద ముద్రించిన ధర రెండూ చూడండి. ఆ ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. కూలింగు పేరు చెప్పి రెండు రూపాయలు ఎక్కువ అడిగితే ఇవ్వనవసరం లేదు.

ఇలా రెండు చోట్లు ఖాయం చేసుకుంటే చాలు, ఒకటి టిఫినుకు, ఒకటి భోజనానికి. మూడోది కావాలంటే రాత్రి ఆలస్యమైనప్పటికి ఒకటి. పది రోజులుండే మనిషికి పది హోటళ్ళు అక్కర్లేదు. మూడోసారి వెళ్ళేసరికి మీకు పెట్టే చట్నీ మారుతుంది, చూడండి.

డబ్బు కలిసిరావాలంటే

ఆసుపత్రి పని మీద వచ్చినవాళ్ళకు ముందు ఇది చెబుతాను. రుయా, స్విమ్స్ ఆసుపత్రుల దగ్గర తిరుమల తిరుపతి దేవస్థానం వారి అన్నప్రసాదం ఉంది. వార్డులో నర్సునో, పక్క మంచం వాళ్ళనో వేళ అడిగి తెలుసుకోండి, వాళ్ళకు గడియారం కంటే బాగా తెలుస్తుంది. ప్రభుత్వం నడిపే అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి, పూటకు 5 రూపాయలు. వేళ దాటితే మూసేస్తారు కనుక కాస్త ముందే వెళ్ళి వరసలో నిలబడాలి. తిరుచానూరులో పద్మావతమ్మ దర్శనానికి వెళితే అక్కడా అన్నప్రసాదం ఉంది. ఊరి నుంచి ఐదు కిలోమీటర్లే.

రోగి కోసం మెత్తటి గంజి, జావ కావాలంటే హోటళ్ళ వెంట తిరగకండి. చిన్న కరెంటు కుక్కరు ఒకటి, కిలో బియ్యం, పావుకిలో పెసరపప్పు కొనుక్కుని గదివాళ్ళ అనుమతి అడిగి పెట్టుకోండి. కొన్ని లాడ్జీలు ఒప్పుకోవు. గది తీసుకునేటప్పుడే అడిగితే తర్వాత గొడవ ఉండదు.

కొండమీద

అలిపిరి దగ్గర మీ సంచులు తనిఖీ చేస్తారు. మాంసం, మద్యం, సిగరెట్లు పైకి వెళ్ళవు. పిల్లల కోసం ఉడకబెట్టిన గుడ్లు, గుడ్డు వేసిన అన్నం కట్టుకొచ్చేవాళ్ళను నేను చూశాను. అవి కిందే తినేసి ఎక్కండి. వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ళ సీసాలూ కొండమీద నిషేధం. ఇంటి నుంచి స్టీలు సీసానో, రాగి సీసానో తెచ్చుకుంటే జలప్రసాదం కుళాయిల దగ్గర నింపుకోవచ్చు.

అలిపిరి మెట్లు 3,550. తెల్లవారుజామున ఎక్కడం మొదలుపెడితే నిండా తిని ఎక్కకండి, వట్టి కడుపుతోనూ వద్దు. రెండు ఇడ్లీలు, అరటిపండు సరిపోతాయి. దారిలో చిన్న దుకాణాలున్నాయి, మజ్జిగ, సోడా, మామిడి ముక్కలు అమ్ముతారు. జేబులో బెల్లం ముక్క, వేయించిన వేరుసెనగ గింజలు పెట్టుకోండి. మా అమ్మ మోకాళ్ళ నొప్పితో కూడా ఆ రెండింటి బలం మీదే ఎక్కింది.

పైన భోజనం సంగతి ఆలోచించనవసరం లేదు. మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రానికి నడవండి. నిత్యాన్నదానం పథకం 1985లో మొదలైంది, ఇప్పుడున్న ఈ పెద్ద భవనం 2011లో వచ్చింది. వరస పొడవు చూసి బెదరకండి, హాలు హాలంతా ఒకేసారి కూర్చోబెట్టి వడ్డిస్తారు కనుక త్వరగానే కదులుతుంది. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. 2025 మార్చి నుంచి భోజనంలో మసాలా వడ కూడా పెడుతున్నారు, అదీ ఉల్లి లేనిదే. ధర్మదర్శనం కంపార్టుమెంట్లలో గంటలు గడపాల్సి వస్తే ఉప్మా, సాంబారన్నం లాంటివి, పిల్లలకు పాలు లోపలికే తెచ్చి ఇస్తారు. పంచదార జబ్బున్నవాళ్ళు మాత్రం దాని మీద ఆధారపడకుండా లోపలికి వెళ్ళే ముందే తినాలి.

లడ్డూ దర్శనం చేసుకున్నవారికి ఒకటి ఉచితం, అదనపు లడ్డూ 50 రూపాయలు. కొండకింద దేవస్థానం కౌంటర్లలో కాకుండా బయట "తిరుపతి లడ్డూ" అని ఎవరైనా అమ్మితే అది ఆ లడ్డూ కాదు. 2009లోనే దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరుతో ఇంకెవరూ చేయకూడదు. ఇంటికి చేరేవరకు గాలి ఆడే సంచిలో ఉంచండి. బిగుతు మూత డబ్బాలో వేస్తే చెమట పట్టి బూజు వస్తుంది.

ఇక్కడివి తినకుండా వెళ్ళకండి

కోస్తా నుంచి వచ్చేవాళ్ళు ఇక్కడా గోంగూర, ఆవకాయ వెతుక్కుంటారు. నేనూ రెండేళ్ళు అదే పని చేశాను, వృథా. ఇక్కడ తినాల్సింది రాగి సంగటి. అన్నం మెత్తగా ఉడుకుతుండగా రాగిపిండి వేసి కర్రతో గట్టిగా కెలికి, తడిచేత్తో ముద్ద కడతారు. దాన్ని నమలకూడదు. చిన్న ఉండ తుంచి, నడుమ వేలితో గుంట చేసి, పులుసులో ముంచి మింగాలి. మొదటిసారి అలవాటు లేక గొంతుకు అడ్డం పడుతుంది, రెండో ముద్దకు దారి తెలుస్తుంది. నాటుకోడి పులుసుతో తింటే ఒక రుచి, పులగూరతో ఒక రుచి. వేరుసెనగ గింజలు, మిరపకాయలు, చింతపండు కలిపి నూరిన ఊరిబిండితో తింటే అన్నిటికంటే బాగుంటుందని నా అభిప్రాయం. మా ఆవిడ ఒప్పుకోదు.

సంగటి మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంటకు వేడిగా దొరికే చోట తినండి. చల్లారితే రాయి. పొద్దున పూట గుంత పొంగణాలు, కారం దోసె. ఎండలో తిరిగితే నన్నారి షర్బత్. తమిళనాడు పక్కనే కనుక పొంగలి, ఫిల్టరు కాఫీ ఏ సందులోనైనా బాగుంటాయి.

మాంసాహారం కొండమీదే లేదు కానీ ఊళ్ళో ఉంది. శనివారం చాలా ఇళ్ళలో తినరు, ఆదివారం పొద్దున మాంసం, చేపల దగ్గర తోపులాట. గోదావరి చేప కోసం మాత్రం అడగకండి, నవ్వుతారు.

కూరగాయల సంతలో మాట తెలియాలి

పొయ్యి ఉన్న ఇంట్లో దిగినవాళ్ళకు ఇక్కడి నుంచి. రైతుబజారుకు మొదట వెళ్ళండి. 1999లో రాష్ట్రమంతా మొదలైన ఈ బజార్లలో ఆ రోజు ధరల బోర్డు పెడతారు. కొనకపోయినా ఆ బోర్డు ఫోటో తీసుకోండి, మీ వీధిలోకి వచ్చే బండి దగ్గర బేరానికి అదే కొలమానం. పొద్దున వెళితే సరుకు బాగుంటుంది, మూసే వేళకు ధర బాగుంటుంది. ఇంటికి ఏది కావాలో మీరే తేల్చుకోండి. టమాటాకు మాత్రం ఏ వేళైనా బెంగ లేదు. పెద్ద టమాటా సంత ఉన్న మదనపల్లె ఇటువైపే ఉంది, ధర పడిపోయిన వారాల్లో ఐదు కిలోలు కొని ఊరగాయ పెట్టేవాళ్ళున్నారు.

తెలుగే కదా, మాట్లాడితే చాలు అనుకుంటారు. మొదటి చలికాలం పక్కింటావిడ "ఈరోజు మా ఇంట్లో అనపకాయ, మీరూ తెచ్చుకోండి" అంది. మా వైపు ఆనపకాయ అంటే సొరకాయ. నేను సంచి పట్టుకుని సంతకు వెళ్ళి "లేత అనపకాయ ఉందా అమ్మా, పెద్దదైతే సగం కోసి ఇవ్వండి" అన్నాను. గోనె మీద కూర్చున్న ముసలావిడ ఒక నిమిషం నా మొహం చూసి, పక్కన కుప్పపోసిన చిక్కుడులాంటి కాయల్లోంచి ఒకటి తీసి నా ముందు పట్టుకుంది. "దీన్ని సగం కోయమంటావా నాయనా?" చుట్టూ నలుగురు నవ్వారు, నేనూ నవ్వాను, కిలో కొన్నాను. గింజలు ఒలిచి, రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్క గింజనూ వేళ్ళతో పితికి తొక్క తీసి వండేదే పితికిపప్పు. కాయ ముట్టుకుంటే జిగురుగా, ఘాటు వాసన వేస్తుంటే మంచిది. చలికాలంలోనే వస్తుంది. కిలో కాయల గింజలు పితికేసరికి మా ఆవిడ నాతో ఒక పూట మాట్లాడలేదు, తిన్నాక మాట్లాడింది.

కాబట్టి కొన్ని మాటలు నేర్చుకుని వెళ్ళండి. ఉల్లిపాయ ఇక్కడ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ, చిలగడదుంప గెనుసుగడ్డ. కొబ్బరికాయ టెంకాయ, మరమరాలు బొరుగులు, బొబ్బర్లు అలసందలు, నువ్వులు నూగులు, గోంగూర గోగాకు. వేరుసెనగ చెనక్కాయ. పండుగకు బొబ్బట్లు కావాలంటే ఓళిగలు అనండి. మీ మాటే వాడినా అర్థం చేసుకుంటారు, కానీ "ఎర్రగడ్డలు ఎంత అక్కా?" అన్నవాడికి చెప్పే ధర వేరుగా ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఒకే మనిషి దగ్గర వరసగా నాలుగు వారాలు కొనండి. బేరం మొదటి వారమే ఆడండి, తర్వాత మానేయండి. ధర తగ్గించమనడం కంటే కొసరు అడగడం ఇద్దరికీ మర్యాద: రెండు పచ్చిమిరపకాయలు, నాలుగు కరివేపాకు రెబ్బలు. ఆ ముసలావిడ ఇప్పుడు నేను అడగకుండానే వేస్తుంది. ఒకసారి పుచ్చు వంకాయలు ఏరుకుంటుంటే నా చేతి మీద కొట్టింది కూడా.

కిరాణా సరుకు

కొత్త ఊళ్ళో బియ్యం బస్తా మొదటి రోజే దించుకోకండి. ఐదు కిలోలు తెచ్చి వండి చూడండి. కొత్త బియ్యమైతే ముద్దవుతుంది, అప్పుడు దుకాణదారుకు "పాతవి కావాలి" అని స్పష్టంగా చెప్పాలి. నీళ్ళు మారితే పప్పు ఉడికే తీరూ మారుతుంది. మా ఇంట్లో మొదటి నెలంతా కందిపప్పు ఉడకలేదని దుకాణం మార్చాం, చివరికి తేలింది బోరునీళ్ళ దోషమని. కుళాయి నీళ్ళతో వండాక పప్పు మెత్తబడింది. పాపం, దుకాణదారు ఇప్పటికీ నమస్కారం పెడతాడు.

వేరుసెనగ పండే ప్రాంతం కనుక గానుగ నూనె దొరుకుతుంది, మీ ఎదుటే ఆడించి ఇచ్చే చోటు చూసుకుని అరలీటరుతో మొదలుపెట్టండి. పాల ప్యాకెట్టు ఏ కంపెనీదైనా సరే, పొద్దున ఎన్ని గంటలకు దిగుతుందో అడిగి తెలుసుకుని ఆ వేళకు వెళ్ళండి. చింతపండు కొత్తపంట వేసవి ముందు వస్తుంది, ఏడాదికి సరిపడా అప్పుడే తీసుకుని గింజలు తీసి ఉప్పు కలిపి జాడీకెత్తుకుంటారు.

ఊరికి పట్టుకెళ్ళేవి

మామిడికి చిత్తూరు పెట్టింది పేరు. ఏప్రిల్ చివర బంగినపల్లితో మొదలై, జూన్, జూలై నెలల్లో తోతాపురి, నీలం వరకు సాగుతుంది. తోతాపురి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది, తినడానికి మీరు బంగినపల్లి, ఇమాం పసందు అడగండి. దామలచెరువు పెద్ద మామిడి సంత, అటువైపు పని ఉంటే ఆగండి. పండు కొనకండి, పక్వానికి వచ్చిన కాయ కొనండి. భుజాలు నిండి, తొడిమ దగ్గర చిన్న గుంట పడిన కాయ అయితే ఇంట్లో వరిగడ్డిలోనో బియ్యం డబ్బాలోనో నాలుగైదు రోజులకు మాగుతుంది. కార్బైడుతో మాగబెట్టడం నిషేధం, అయినా చేసేవాళ్ళు చేస్తారు. ఒళ్ళంతా ఒకే పసుపు, దగ్గర పెడితే వాసన లేదు, తొడిమ కింద మాత్రం గట్టిగా ఉంది అంటే వదిలేయండి.

బెల్లం చిత్తూరుదే కొనండి. తెల్లగా మెరిసేదాన్ని చూసి మోసపోకండి. రంగు తేలడానికి హైడ్రోస్ అనే మందు వేస్తారు. ముదురు రంగులో, కాస్త మెత్తగా ఉన్నది ముక్క విరిచి నోట్లో వేసుకోండి. ఉప్పదనం తగిలితే వద్దు. ఈ పరీక్షకు అమ్మేవాడు మొహం చిట్లిస్తే అక్కడే మీకు జవాబు దొరికింది.

ఊరు కిక్కిరిసే రోజులు

శని, ఆదివారాలు, వేసవి సెలవులు, డిసెంబరు, జనవరి మధ్య వచ్చే వైకుంఠ ఏకాదశి, తమిళుల పురటాసి నెల శనివారాలు: ఈ రోజుల్లో భోజనం వేళను గంట ముందుకు జరపండి. పదకొండున్నరకు తిన్నవాడికి కుర్చీ, ఒంటిగంటకు వెళ్ళినవాడికి టోకెను. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే వారం ఊరివాళ్ళ పండుగ. మీకు తెలిసిన ఇల్లు ఒక్కటైనా ఉంటే హోటలు మానేసి అక్కడికి వెళ్ళండి, రాగి అంబలి పోస్తారు.

బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడసేవ. ఆ రోజు బయటి తిండి మీద ఆశ పెట్టుకోకండి. మేం ముందురోజు సాయంత్రమే పాలు, కూరగాయలు తెచ్చిపెట్టుకుంటాం, పొద్దున దోసెలావిడకు పిండి కోసం గిన్నె ఇచ్చి వస్తాం. పాల ప్యాకెట్లు రెండు ఎక్కువే తీసుకుంటాం. రాత్రి తొమ్మిది దాటాక రాజమండ్రి నుంచి ఎవరో ఒకరు ఫోను చేసి, "స్టేషన్లో దిగాం, మీ ఇల్లు ఎటు?" అని అడగడం ప్రతి ఏడూ జరిగేదే.